చౌడమ్మకు చేదోడు

"నువ్వు పెంచేది కుక్కనా దొంగనా, ముందది తేల్చు వదినా. నేత మధ్యలో ఉన్నాను. చెయ్యి చాపితే నాడె లేదు. చూస్తే నీ కుక్క నోట్లో ఉంది."

వీధి వీధంతా వినేలా ఈ మాటలన్నది తిప్పయ్య. అనిపించుకున్నది చౌడమ్మ. ఇద్దరి మధ్యా తోక ముడుచుకుని, నోట్లో నాడె కరుచుకుని నిలబడ్డది గవ్వ. నాడె అంటే మగ్గం మీద పోగుని ఈ పక్క నుంచి ఆ పక్కకి మోసుకుపోయే చిన్న కొయ్య పడవ. నేసేవాడి దగ్గర్నుంచి నాడె ఎత్తుకుపోవడమంటే, తినేవాడి ముందు నుంచి విస్తరి లాగేసినట్టే.

అనగనగా అనేలోపే తగువు మొదలైపోయింది, ఏం చేస్తాం. కాస్త వెనక్కెళ్ళి చెప్పుకుందాం.

రాజులు పాగాలు చుట్టుకుని తిరిగే కాలంలో కండెలపేట అని ఒక నేతగాళ్ళ ఊరుండేది. తెల్లారితే చాలు, ఆ చివర నుంచి ఈ చివరిదాకా టకటకమని మగ్గాల చప్పుడు. అన్నీ గుంట మగ్గాలే. నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులో దించి, గట్టు మీద కూర్చుని నేస్తారు. కూర్చోవడం సుఖమే. లేవడమే గండం.

ఆ మగ్గాల్లో, ఊరుమ్మడి మగ్గాల సాలలో ఉన్న ఒకదాన్ని ముందు మగ్గం అనేవాళ్ళు. ఏటా దసరాకి రాజుగారి పాగా దాని మీదే నేయాలి. తెల్లటి పాగా, కొసన మూడు పట్టీలు. ముందు పసుపు, తర్వాత నీలం, ఆఖర్న ఎరుపు. తెల్లటి బట్ట ఎన్నాళ్ళైనా నేసుకోవచ్చు. కొస మాత్రం పొద్దున కూర్చుంటే పొద్దు వాలేలోపు, ఒక్క కూర్చుడులో అవ్వాలి. మధ్యలో లేస్తే చేతి బరువు మారుతుంది, బట్టలో సన్నటి గీత పడుతుంది. ఆ గీత రాజుగారికి కనపడకపోయినా ఊరికి కనపడుతుంది.

అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు మగ్గం మీద కూర్చునే మనిషికి పక్కన అందించేవాళ్ళు ఒకరుండాలి. నీళ్ళంటే నీళ్ళు, నూలు చుట్టిన కండె అంటే కండె. ఆ అందించేవాళ్ళని చేదోడు అంటారు. చేదోడు లేకపోతే ముందు మగ్గం లేదు.

చౌడమ్మ అమ్మమ్మ ఆ మగ్గం మీద నేసింది. అమ్మ నేసింది. ఆ తర్వాత చౌడమ్మ నేస్తుంటే చెల్లెలు శంకరి చేదోడుగా ఉండేది. శంకరికి ఏటి అవతలి ఊళ్ళో పెళ్ళయింది. ఆ పెళ్ళిలో ఊరంతా కడుపునిండా తిన్నది. తిన్న చెయ్యి కడుక్కుంటూనే పక్కింటి తిప్పయ్య అడిగాడు, ఇక ముందు మగ్గానికి చేదోడెవరు పెద్దయ్యా అని.

పెద్దయ్యంటే నాగలింగప్ప, ఊరి పెద్ద. ఒక మాట మాట్లాడాలంటే ముందు ఓసారి దగ్గే మనిషి. ఆయన దగ్గి, చౌడమ్మ వైపు చూశాడు. ఊళ్ళో ఎవరి మగ్గం వాళ్ళకే చాలదు, ఖాళీగా ఉన్న చేతులు ఎక్కడా లేవు. అయినా చౌడమ్మ, దసరాలోపు చేదోడుని చూపిస్తానంది. ఆమె చూపించలేక తిప్పయ్య చూపిస్తే మగ్గం తిప్పయ్యకి పోతుందన్నాడు నాగలింగప్ప. కోపంగా అనలేదు. కట్టుబాటు కాబట్టి అన్నాడు.

ఇంటికొచ్చి చౌడమ్మ గుంటలో కాళ్ళు దించి కూర్చుంది. పక్కనున్న చెంబు చెయ్యి తగిలి దొర్లుకుంటూ గడపదాకా పోయింది. లేవబుద్ధి కాక దాని వంక చూస్తూ కూర్చుంది. గడప దగ్గర ఎండలో పడుకున్న కుక్కపిల్ల లేచింది. గోధుమ రంగు ఒళ్ళు, నుదుట గవ్వ అంటించినట్టు తెల్లటి మచ్చ. చెంబు అంచు పళ్ళతో పట్టుకుని ఈడ్చుకుంటూ తెచ్చి చౌడమ్మ ఒళ్ళో పడేసింది. ఆటకే తెచ్చింది పాపం. చౌడమ్మ మాత్రం దాని వంక చాలాసేపు చూసింది.

"ఏమే గవ్వా, నా దగ్గర పనికి కుదురుకుంటావా?" అని అడిగింది. గవ్వ తుమ్మింది. బేరం కుదిరింది.

మొదటి పాఠం తువ్వాలు. తెమ్మంటే తెచ్చింది, కానీ సగమే తెచ్చింది. మిగతా సగం దార్లో నమిలేసింది. చీపురు తెమ్మంటే చీపురూ నమిలింది. కండె తెమ్మంటే నూలంతా చీకి, కొయ్య తెచ్చి ఇచ్చింది. ఇది కుక్కా మేకా అని చౌడమ్మ తల పట్టుకుంది. తల పట్టుకున్న చేతులే ఆమెకి జవాబు చెప్పాయి. ఆ చేతులు గంజి వాసన కొడుతున్నాయి. నేతగాళ్ళింట్లో నూలుకి గంజి పెడతారు, ఆ చేత్తోనే అన్నీ ముట్టుకుంటారు. పుట్టినప్పట్నుంచీ అందులోనే పెరుగుతారు కాబట్టి వాళ్ళకి ఆ వాసనే తెలియదు. కుక్కకి మాత్రం ఆ ఇల్లు ఇల్లంతా అన్నం కుండ. తువ్వాలూ అన్నమే, చీపురూ అన్నమే, చౌడమ్మ కొంగూ అన్నమే.

మర్నాటి నుంచి ముందు గవ్వకి కడుపునిండా పెట్టి, ఆ తర్వాతే పాఠం చెప్పింది. కడుపు నిండిన కుక్కకి చీపురు చీపురులాగే కనపడింది.

రెండో తంటా బెల్లంతో వచ్చింది. ఏదన్నా తెస్తే చాలు, మురిసిపోయి బెల్లం ముక్క పెట్టేది చౌడమ్మ. గవ్వకి లెక్క అర్థమైంది. అడక్కుండానే తేవడం మొదలుపెట్టింది. గరిటె తెచ్చింది, విసనకర్ర తెచ్చింది, ఎవరిదో ఎడమకాలి చెప్పు తెచ్చింది. ఓ మధ్యాహ్నం పీట తేబోయి గడపలో ఇరుక్కుని, పీటని వదల్లేక, లోపలికి రాలేక అక్కడే ఏడుస్తూ నిలబడింది. అప్పుడు చౌడమ్మ కొత్త పద్ధతి పెట్టింది. అడిగింది తెస్తేనే బెల్లం. అడగంది తెస్తే, తీసుకుని పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు నేసుకోవడం.

మూడోది రంగులు. ఇది జరగదని అందరూ అన్నారు. కుక్కకి పసుపేంటి, నీలమేంటి అని నవ్వారు. చౌడమ్మ కూడా కుక్క కంటిని నమ్ముకోలేదు, ముక్కుని నమ్ముకుంది. పసుపు కండె పసుపు వాసనే. నీలం కండెకి నీలిమందు ఘాటు. ఎరుపు అద్దాలంటే ముందు నూలుని ఆముదంలో నానబెడతారు, ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోదు. ఒక్కో కండె గవ్వ ముక్కు దగ్గర పెట్టి, ఒక్కో పేరు చెప్పింది. వర్షాలు వెనకబట్టేసరికి, గుంటలోంచి కదలకుండా ఎరుపు అంటే ఎరుపు, చెంబు అంటే చెంబు వచ్చేది. పిల్లలు గుమ్మంలో మూగేవాళ్ళు. పెద్దవాళ్ళు ఏదో పనున్నట్టు అటుగా వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. చౌడమ్మ మెడ కాస్త నిటారుగా నిలబడడం మొదలైంది. గర్వం ఊరికే రాలేదు, ఆమె దాన్ని సంపాదించుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ నాడె గొడవ.

ఆ రోజు పోగు తెగింది. చౌడమ్మ నాడె పక్కన పెట్టి ముడి వేసింది. మళ్ళీ చెయ్యి చాపితే నాడె లేదు. నాడె తెమ్మని గవ్వని పంపింది. గవ్వ ఇల్లంతా తిరిగి ఖాళీ నోటితో వచ్చింది. వెతకడానికి బద్ధకమా అని కసిరి మళ్ళీ పంపింది. మళ్ళీ ఖాళీగా వచ్చింది. దసరా దగ్గర పడుతోంది, చౌడమ్మకి లోపల బెదురు. ఆ బెదురు కోపంగా బయటికొచ్చింది. చేతిలో ఉన్న కండె విసిరింది, అది గవ్వ వీపుకి తగిలింది. ఈసారి గవ్వ ఇంట్లో వెతకలేదు. తిన్నగా పక్కింటికి పోయి, తిప్పయ్య పక్కనున్న నాడె ఎత్తుకొచ్చింది.

ఇక ఆ తర్వాత తిప్పయ్య ఏమన్నాడో మొదట్లోనే విన్నారు. దొంగ కుక్క చేదోడెలా అవుతుంది, పెద్దయ్య దగ్గరే తేల్చుకుంటానని కూడా అన్నాడు. చౌడమ్మ నాడెని కొంగుతో తుడిచి ఇచ్చేసి, ఇంట్లోకొచ్చి గుంటలో కాళ్ళు దించింది. పాదం కింద ఏదో కొయ్య ముక్క తగిలింది. వంగి చూసింది. ఆమె నాడె. ముడి వేసేటప్పుడు గట్టు మీంచి జారి గుంటలో పడింది.

చౌడమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. గవ్వ వెతకగలిగిన చోట నాడె లేదన్నది నిజం. ఆ నిజాన్ని గవ్వ వచ్చి చెప్పింది. కసిరితే, మళ్ళీ వచ్చి మళ్ళీ చెప్పింది. విననిది తను. దెబ్బ తగిలాక గవ్వ నిజం మానేసి, దెబ్బ తప్పే దారి వెతుక్కుంది. మరి దొంగతనం నేర్పిందెవరు?

ఆ మర్నాటి నుంచి అన్నిటికన్నా కష్టమైన పాఠం మొదలైంది. చెంబుని బియ్యం కుండలో దాచి, చెంబు తెమ్మని పంపేది. గవ్వ తిరిగి తిరిగి, పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చేది. చౌడమ్మ చెయ్యి ఎత్తితే కళ్ళు మూసుకునేది. ఆ చెయ్యి మెల్లగా దాని తల మీదికి దిగేది. "లేదా తల్లీ? సరే, లేదని చెప్పావు కదా, మంచిపని చేశావు" అని బెల్లం పెట్టేది. గవ్వ మొదట్లో నమ్మలేదు. బెల్లం నోట్లో పెట్టుకుని కూడా దెబ్బ కోసం చూసేది. చూసి చూసి ఒక రోజు నమ్మింది. అప్పట్నుంచి, అడిగింది దొరక్కపోతే తిన్నగా వచ్చి చౌడమ్మ ఎదురుగా కూర్చుని, తలెత్తి ఆమె కళ్ళలోకి చూసేది. అంతే. లేదు అని అర్థం.

తిప్పయ్య కూడా ఊరుకోలేదు. కుక్క చేదోడవ్వచ్చంటే తన కుక్కే ఎందుకవ్వకూడదని, నల్లగా బలంగా ఉన్న ఒక కుక్కని తెచ్చాడు. పులి అని పేరు పెట్టాడు. దానికి బెల్లం లేదు, దబ్బ ఉంది. వెదురు దబ్బ ఒకటి పక్కనే పెట్టుకుని పాఠం చెప్పాడు. తేకపోతే దెబ్బ. ఆలస్యమైతే దెబ్బ. పులి బాణంలా పోయి బాణంలా వచ్చేది. నా పులికి ఖాళీ నోటితో రావడమే తెలియదని తిప్పయ్య ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే.

దసరా ముందు నాగలింగప్ప దగ్గి, తీర్పు చెప్పాడు. మగ్గాల సాలలో ఇద్దరూ కూర్చోవాలి, ఇద్దరూ పాగా కొస నేయాలి. సరుకంతా వీధి చివర కొట్లో ఉంటుంది, తెచ్చేది కుక్కలే. లేవకుండా ఎవరు పూర్తి చేస్తే ముందు మగ్గం వాళ్ళది.

ఊరు ఊరంతా మగ్గాలు ఆపి వచ్చి కూర్చుంది. ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. రెండే మగ్గాల చప్పుడు.

పసుపు పట్టీ. ఇద్దరూ పసుపు అన్నారు. రెండు కుక్కలూ పరిగెత్తాయి. పులి ముందొచ్చింది, గవ్వ వెనకొచ్చింది. తిప్పయ్య మనుషులు ఈల వేశారు.

నీలం పట్టీ. మళ్ళీ పులే ముందు. దార్లో ఎవరో పిల్లాడు గవ్వకి మురుకు చూపించాడు, గవ్వ ఒక్క క్షణం ఆగి, వాసన చూసి, మళ్ళీ పరిగెత్తింది. జనం నవ్వారు. చౌడమ్మ నవ్వలేదు, నాడె ఆపలేదు.

పొద్దు తిరిగింది. ఎరుపు పట్టీ వచ్చింది. పని తెలిసిన మనిషి కాబట్టి చౌడమ్మ, నీలం ఇంకా కాస్త మిగిలుండగానే ఎరుపు అని పిలిచింది. తిప్పయ్యా పిలిచాడు. కుక్కలు పోయాయి.

ఈసారి గవ్వ ముందొచ్చింది. జనం లేచి నిలబడి చూశారు. నోరు ఖాళీ. తిన్నగా చౌడమ్మ ఎదురుగా వచ్చి కూర్చుని, తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది.

"అలిసిపోయినట్టుంది, జోల పాడు వదినా" అన్నాడు తిప్పయ్య. సాలంతా నవ్వు.

చౌడమ్మ గొంతులో ఒక అరుపు లేచింది. మళ్ళీ పంపితే గవ్వ పోతుంది, ఏదో ఒకటి తెస్తుంది. అమ్మమ్మ కూర్చున్న మగ్గం పోబోతోంది. చుట్టూ ఊరు నవ్వుతోంది. గవ్వ కళ్ళు మాత్రం కదల్లేదు. బెదురు లేదు వాటిలో. చౌడమ్మ అరుపు మింగేసి, చెయ్యి చాపి దాని తల నిమిరింది.

"పెద్దయ్యా, కొట్లో ఎరుపు లేదు. రంగులోళ్ళ వీధికి ఎవర్నన్నా పంపండి. ఇంకా పొద్దుంది."

"కుక్క చెప్పిందా?" అన్నాడు తిప్పయ్య.

"చెప్పింది" అంది చౌడమ్మ. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె మెడ ఎంత నిటారుగా ఉందో, చూసినవాళ్ళు తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.

నాగలింగప్ప దగ్గేలోపే పులి వచ్చింది. నోట్లో ఎర్రగా ఏదో పొడుగ్గా వీధంతా ఊడుస్తూ వస్తోంది. అది కండె కాదు. నాగలింగప్ప పెద్ద కోడలు నేసుకుని దండెం మీద ఆరేసుకున్న కొత్త చీర. ఆముదం వాసన ఎక్కడుంటే అక్కడికి పోయి, లాగి, చింపి తెచ్చింది. తెచ్చి తిప్పయ్య ముందు పెట్టింది. పెట్టి, నేలకి అతుక్కుపోయి కళ్ళు మూసుకుంది. చీరని అందరూ చూశారు. మూసుకున్న ఆ కళ్ళని నాగలింగప్ప చూశాడు.

తిప్పయ్య మొహం చీరకన్నా ఎర్రబడింది. పరువు తీశావు కదే అని దబ్బ అందుకుని ఒక్క ఊపున లేచాడు. దబ్బ పైకి పోయింది. అక్కడే ఆగిపోయింది. సాలలో అందరూ అతని పాదాల వంక చూస్తున్నారు. అతనూ చూసుకున్నాడు. పాదాలు గుంటలో లేవు, నేల మీదున్నాయి.

కొట్టు చూసొచ్చిన మనిషి, ఎరుపు ఒక్క కండె కూడా లేదు, పెట్టడమే మర్చిపోయారన్నాడు. రంగులోళ్ళ వీధి నుంచి బుట్ట రావడానికి కాస్త ఆలస్యమైంది. అందాకా చౌడమ్మ మిగిలిన నీలం మెల్లగా నేసుకుంది. బుట్ట కొట్లో దించాక, ఎరుపు తెమ్మని మళ్ళీ అంది. గవ్వ పోయి, ఎరుపు కండెని పళ్ళు తగలకుండా పెదాలతో పట్టుకుని తెచ్చింది. పొద్దు గూట్లోకి పోతుండగా చౌడమ్మ ఆఖరి పోగు కొట్టి, పాగా కోసి, నాగలింగప్ప చేతికిచ్చింది. ఆయన బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. గీత లేదు.

"తెచ్చిపెట్టేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. లేదని వచ్చి చెప్పేవాళ్ళు దొరకడమే కష్టం" అన్నాడు. దగ్గకుండా అన్న మాట అదొక్కటే.

ముందు మగ్గం చౌడమ్మకే ఉంది. ఆ ఏడు దసరాకి రాజుగారు ఆ పాగా చుట్టుకుని ఊరేగితే, కండెలపేట వాళ్ళు రాజుని కాదు, పాగా కొసని చూసి చప్పట్లు కొట్టారు.

పండగయ్యాక తిప్పయ్య చౌడమ్మ గుమ్మంలోకొచ్చి చాలాసేపు వానల గురించీ, నూలు గురించీ మాట్లాడాడు. వెళ్ళబోతూ అడిగాడు, ఆ లేదని చెప్పడం పులికి నేర్పిపెడతావా వదినా అని.

"అది పులికి నేర్పేది కాదు మరిదీ" అంది చౌడమ్మ నేత ఆపకుండానే. "నువ్వు నేర్చుకోవాల్సింది. దబ్బ పారేసి రా, చెప్తాను."

తిప్పయ్య వెళ్ళాడు. కాసేపటికి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. వెనకాలే, కాస్త దూరంగా, పులి కూడా వచ్చింది.

చెయ్యెత్తే ఇంట్లో నిజం నిలవదు. మరి మీ సంగతేంటి? మీరు ఏదన్నా తెమ్మని పంపితే, వెతికి, దొరక్క, ఖాళీ చేతుల్తో మీ ఎదురుగా వచ్చి నిలబడి, బెదురు లేకుండా లేదు అని చెప్పగలిగేవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నారు?